అమ్ములు గాజుల డబ్బా

ఎడమచేతి గాజులు తేలిగ్గానే వచ్చేస్తాయి. కుడిచేతివే కాస్త పేచీ పెడతాయి. అమ్ములు బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చేతిని చేపలా సన్నగా చేసి, ఒక్కొక్క గాజునూ మెటికల మీదుగా జార్చింది. ఆరూ ఆరూ పన్నెండు. ఆకుపచ్చ మట్టిగాజులు. వాటిని పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత నొక్కి, గోడ అరలో తన చోట ఉంచింది. ఆ అరలో నలభై దాకా డబ్బాలున్నాయి. పాలపొడివి, మందులవి, పిల్లల పెన్సిళ్ళవి. ప్రతి డబ్బాలోనూ ఒకామె గాజులు. సాయంత్రం ఐదున్నరకి ఆ మూతలన్నీ ఒక్కసారి లేస్తే గది కాసేపు గలగలలాడుతుంది. పగలంతా మాత్రం, నలభైమంది ఆడవాళ్ళు కూర్చునే ఆ షెడ్డులో గాజుల చప్పుడుండదు.

పలాసలో ఆ జీడిపప్పు ఫ్యాక్టరీ వాళ్ళు ఎనిమిదేళ్ళ కిందట పెట్టిన నియమం అది. పప్పులో గాజు పెంకు పడితే సరుకంతా వెనక్కి వస్తుంది. మొదటిరోజు పెద్ద గొడవే అయింది. గొడవ చేసింది బేబి.

"మొగుళ్ళు బతికుండగా గాజులు తీసీమంటారేటి బావూ? ఆ మాటేదో ముందు మీ ఆవిడితో అని సూడు. నీకు సాయంత్రం అన్నం పెడితే అప్పుడొచ్చి మాకు సెప్పు" అని మేస్త్రీ మన్మథరావుని నిలదీసింది. చివరికి దారి కూడా బేబే కనిపెట్టింది. నూలుదారం పసుపులో ముంచి, ఆరబెట్టి, తెచ్చి అందరి మణికట్లకీ ముడివేసింది. నిజానికి దారం కూడా ఉండకూడదు. మన్మథరావు రోజూ పొద్దున్నే అందరి చేతులూ చూస్తాడు. సరిగ్గా దారం దగ్గరికి వచ్చేసరికి అతనికి దగ్గు వస్తుంది, తల పక్కకి తిప్పుకుంటాడు. ఎనిమిదేళ్ళుగా ఆ దగ్గు తగ్గలేదు.

అందరికీ కట్టిన బేబి చేతికి మాత్రం దారం లేదు. ఆ గొడవ చేసేనాటికే ఆమె భర్త కిడ్నీ జబ్బుతో పోయి రెండేళ్ళు. ఎడమ మణికట్టు మీద సన్నటి తెల్లగీత ఒకటి ఉంటుంది. గాజులు కొట్టినప్పుడు పెంకు దిగిన గీత.

అమ్ములు తలకి తెల్లటోపీ పెట్టుకుని బల్ల దగ్గర తన చోట కూర్చుంది. వేడిగాలి పట్టే బోర్మా గదిలో ఎండిన పప్పు ట్రేలలో అప్పుడే వచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. చిన్న చాకు మొనతో పొట్టు అంచు లేపితే ఎర్రటి పొర విడిపోయి తెల్లటి పప్పు బయటపడుతుంది. నొక్కు ఎక్కువైతే పప్పు రెండవుతుంది, బద్ద కింద లెక్క. అమ్ములు చేతిలో పప్పు విరగడం అరుదు. ఇరవై ఏళ్ళ కిందటైతే ఆ చేతులు వల అల్లేవి. తాడు ముడి విప్పే ఓపికే పొట్టు విప్పడానికీ పనికొచ్చింది.

పైన రేకుల మధ్య ఒక అద్దంలాంటి రేకు ఉంది. అందులోంచి ఎండ నిలువుగా దిగుతుంది. ఆ వెలుగులో పొట్టు రేణువులు ఎర్రగా, తొందర లేకుండా తేలుతుంటాయి. ఫ్యాన్లది ఒకే హోరు. కళ్ళు సగం మూసుకుంటే అది సముద్రమే. అమ్ములుకి పని చేస్తున్నట్టు తెలియదు. చేతులు వాటి దారిన అవి పోతుంటాయి, తను ఎక్కడో ఇసుక మీద నడుస్తుంటుంది. తడి ఇసుక, కాళ్ళ కింద చల్లగా. అప్పుడప్పుడూ బేబి గొంతు వచ్చి ఆమెని మళ్ళీ బల్ల దగ్గర కూర్చోబెడుతుంది.

"ఒలే ఢిల్లీ! పెళ్ళికూతురా! రేపట్నుంచి నువ్వు రావు గాబట్టి ఈరోజే సెప్పీత్తన్నాను, ఇనుకో" అని బేబి మొదలుపెట్టింది. బల్ల అవతలివైపు ఢిల్లీశ్వరి టోపీ కింద నుంచి నవ్వింది. ఆమె పెళ్ళికి ఇంకా తొమ్మిది రోజులుంది. "మొగుడంటే గోడమీద కేలండరు. ఏడాదెల్లిపోతే ఆడికి ఇలువుండదు. గానీ మేకు ఉండాల. మేకున్న గోడ జోలికి ఎవుడూ రాడు. మేకు లేని గోడ సూసినావా, పోయినోడూ వచ్చినోడూ సెయ్యేసి సూత్తాడు."

"మరి ఆ మేకు గోడకి నొప్పెట్టదేటి అప్పా?" అంది పక్కనున్నామె. బల్లంతా నవ్వింది.

"నొప్పెట్టకుండా ఎలాగుంటాది? ఆడదానికి నొప్పెట్టకుండా ఏటొచ్చింది ఈ బూమ్మీద? నోరు మూసుకుని పప్పు ఒలు. అమ్ములు సూడు. ఆడు ఒగ్గీసి ఎల్లిపోయి పందొమ్మిదేళ్ళు. ఒక్కనాడు బొట్టు తీసిందా? ఒక్కనాడు గాజు మానిందా? మేకు కదల్నీలేదు. అదీ ఆడదంటే."

అమ్ములు తల ఎత్తలేదు. బేబి మెచ్చుకున్నా తిట్టినట్టే ఉంటుంది, తిట్టినా ఒక్కోసారి అన్నం పెట్టినట్టు ఉంటుంది. పదిహేడేళ్ళలో అలవాటైపోయింది.

అమ్ములు మొగుడు బైరాగి గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీదికి వెళ్ళాడు. మూలపేట పక్కన వాళ్ళ పల్లెలో మగవాళ్ళు సగంమంది అలాగే వెళతారు. మొదట్లో వానాకాలం బోట్లు ఆపినప్పుడు వచ్చేవాడు. నాలుగేళ్ళు వచ్చాడు. తర్వాత రాలేదు. అక్కడ ఒకామె ఉందని, ఇద్దరు పిల్లలని, ఎవరో చెప్పారు. అత్త నూకాలమ్మ మాత్రం నమ్మలేదు. "సముద్రం మీదున్నోడు, ఎప్పుడొచ్చినా వత్తాడు. నువ్వు గుమ్మంలో ఉండాల" అంది. గుమ్మంలో రెండేళ్ళు ఉండి, ఒకనాడు టెక్కలి బస్సెక్కి అమ్ములు పలాస వచ్చేసింది.

పెద్ద కష్టమేమీ లేదు. కాశీబుగ్గలో ఒక గది ఉంది. చేతికి పని ఉంది. ఒక్కటే విషయం. పేరంటాలకి వెళ్ళినప్పుడు, కుంకుమ భరిణె వరసగా అందరి దగ్గరికీ వచ్చి, ఆమె ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఒక్క క్షణమే. తర్వాత బొట్టు పెడతారు. వాళ్ళకీ తెలియదు ఏం చెయ్యాలో. విధవ కాదు, కాపురమూ లేదు. అందుకని పెళ్ళిపసుపు దంచడానికి మాత్రం ఎవరూ పిలవరు. అయిదుగురు ముత్తైదువలు కావాలి. నలుగురు దొరికాక అయిదో మనిషి కోసం వీధి చివరిదాకా వెళ్ళి వెతుక్కొస్తారు గానీ, పక్కింట్లో ఉన్న అమ్ములుని అడగరు. ఆమె కూడా ఆ పూట తలుపు దగ్గరగా వేసుకుని ఉంటుంది, పిలవాలా వద్దా అని వాళ్ళకి ఇబ్బంది లేకుండా.

మొన్న ఢిల్లీశ్వరి టీ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుంది. "పిన్నీ, గురువారం మధ్యాన్నం మా ఇంటికాడ పసుపు దంచుతారు. మొదటి రోకలి నువ్వెయ్యాల."

"నానెయ్యాలా? మీ అమ్మ ఏమంటాదే?"

"మా అమ్మే అంది. నాకు పని నేర్పింది నువ్వు కాదేటి?"

అమ్ములు తన గ్లాసు తిప్పుతూ కూర్చుంది. టీ చల్లారిపోయింది. ఆ రెండు రాత్రులూ పడుకుంటే రోకలి చప్పుడు వినిపించింది, ఎక్కడో దూరంగా, నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు. ఆ చీర కడదామా ఈ చీర కడదామా అని పెట్టెలో ఉన్న మూడు చీరలూ తీసి మంచం మీద పరిచింది. ఈరోజు గురువారం. సంచిలో గంధం రంగు చీర మడతపెట్టి తెచ్చుకుంది. మనసులో ఒకటే భయం. అక్కడ ఎవరైనా ఏమైనా అంటారేమో. అంటే ఆ పిల్ల మొహం చిన్నబోతుంది.

పదిగంటలు దాటాక మన్మథరావు గుమ్మం దగ్గర నుంచి కేకేశాడు. "బేబీ! నీ ఫోనే. మూడుసార్లు మోగింది. తీసుకో." ఫోన్లన్నీ అతని బల్ల మీదే ఉంటాయి.

"వాసుగాడై ఉంటాడు" అంటూ బేబి చీర దులుపుకుని లేచింది. వాసు ఆమె కొడుకు. వాడూ వీరావల్‌లోనే ఉంటాడు.

ఆమె బయట జీడిగింజల బస్తాల పక్కన నిలబడి మాట్లాడడం అమ్ములుకి గుమ్మంలోంచి కనిపించింది. మాట్లాడడం కాదు, వినడం. ఫోను చెవి దగ్గర పెట్టుకుని బేబి అంతసేపు నోరు మూసుకుని ఉండడం ఎవరూ చూడలేదు. తర్వాత ఒక బస్తా మీద కాసేపు కూర్చుంది. తిరిగి వచ్చి చాకు చేతిలోకి తీసుకుంది.

"వాసు కులాసాయేనా అప్పా?" అని అడిగింది అమ్ములు.

"ఆఁ. జరమంట" అంది బేబి. అమ్ములు వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. షెడ్డులో చాకుల చప్పుడు మాత్రమే మిగిలింది, సన్నవాన రేకు మీద పడుతున్నట్టు. ఒకామె, "ఏటప్పా, మేకు ఊడిపోనాదేటి?" అని మేలమాడింది. బేబి చేతిలో పప్పు చిట్లి రెండు బద్దలైంది. ఆ బద్దల్ని వేరే గిన్నెలో వేసి, "పని సూసుకో" అంది.

కొడుక్కి జ్వరమంటే మరి తల్లికి దిగులుండదా అనుకుంది అమ్ములు.

మధ్యాహ్నం గంట కొట్టగానే మన్మథరావు దగ్గరికి వెళ్ళి నిలబడింది. అతను గడియారం వైపు చూసి, "మూడింటికి రావాల. మూడున్నరైనా నా గడియారం కొంచెం స్లోలే" అన్నాడు.

గంధం రంగు చీర కట్టుకుని, డబ్బా మూత తీసి, చేతులకి కొంచెం కొబ్బరినూనె రాసుకుని, గాజులు వేసుకుంది. పగటిపూట గాజులు వేసుకుని ఆ గుమ్మం దాటడం ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. ఎండలో ఆకుపచ్చ రంగు చేతి మీద నీళ్ళలా కదిలింది. అలాంటి గాజులు మొదట కొనిచ్చింది బైరాగి. టెక్కలి సంతలో. కొట్టువాడు సైజెంత అని అడిగితే, బైరాగి బొటనవేలూ నడిమివేలూ కలిపి గాలిలో ఒక సున్నా చుట్టి చూపించాడు. "ఇంత." వేసుకుంటే సరిగ్గా సరిపోయాయి. ఆ సున్నాని ఆమె మర్చిపోలేదు. మనిషిని చాలావరకు మర్చిపోయింది.

ఢిల్లీశ్వరి ఇల్లు ఫ్యాక్టరీ వెనక సందులోనే. పందిరి కింద రోలు కడిగి, పసుపు పూసి ఉంచారు. రోకలికి మామిడాకులు కట్టారు. రోట్లో పసుపుకొమ్ములు. బేబి కూడా వెంట వచ్చింది గాని పందిట్లోకి రాలేదు. వీధరుగు చివర, చెప్పుల దగ్గర కూర్చుంది. అలాంటి చోట తన జాగా అదేనని ఆమెకి తెలుసు. ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఢిల్లీశ్వరి తల్లి బొట్టు పెట్టింది. భరిణె ఆగలేదు. నేరుగా వచ్చి అమ్ములు నుదుటిని తాకింది. రోకలి చేతికిచ్చారు. కర్ర చల్లగా, నున్నగా ఉంది.

"ఈయమ్మెవురు?" అంది ఒక గొంతు. పెళ్ళికొడుకు మేనత్త, టెక్కలి నుంచి వచ్చింది. జరీచీర, చేతిలో వక్కపొడి పొట్లం. "మీ సుట్టమా? ఆయనేటి సేత్తారమ్మా?"

అమ్ములు ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఆగిపోయింది. పందిట్లో నలుగురు ఆడవాళ్ళు కళ్ళు దించుకున్నారు. అమ్ములుకి ఎక్కడో ఫ్యాన్ల హోరు వినిపించింది. ఇక్కడ ఫ్యాన్లు లేవు.

అరుగు చివర నుంచి బేబి గొంతు లేచింది. "బోటు డ్రైవరమ్మా! వీరావల్‌లో. పొద్దున్నే మావోడు ఫోన్ సేసి సెప్పినాడు, బాబాయి దొరలాగున్నాడంట. రొయ్యిలు తిని బానపొట్ట పెంచేడంట. ఈ వానలకి వత్తానన్నాడంట. ఏటమ్మా, ఆధార్ కార్డు కూడా సూపించమంటావా? దంచవే అమ్ములూ! సెయ్యి లాగదా?"

అందరూ నవ్వారు. మేనత్త కూడా నవ్వి, వక్కపొడి నోట్లో వేసుకుంది. చివరి మాట దగ్గర బేబి గొంతు కొంచెం బొంగురు పోయినట్టనిపించింది. అరిచి మాట్లాడింది కదా మరి.

రోకలి దిగింది. కొమ్ము ఒకటి పటుక్కున విరిగింది. మళ్ళీ ఎత్తింది. గాజులు మోచేతి వైపు జారి, మళ్ళీ మణికట్టు దగ్గరికి వచ్చి గలగలమన్నాయి. మిగతా నలుగురూ వరసగా చేయి వేశారు. పసుపు రేణువులు ఎండలోకి లేచాయి. షెడ్డులో ఎర్రగా తేలేవి ఇక్కడ పచ్చగా తేలుతున్నాయి. వాటి అవతల ఢిల్లీశ్వరి మొహం, కలలో చూసిన మొహంలా, నవ్వుతూ ఉంది. ఒకరెవరో పాట అందుకున్నారు. అమ్ములుకి ఆ పాట రాదు. ఇన్నేళ్ళలో నేర్చుకునే అవకాశం రాలేదు. పెదవులు మాత్రం కదిపింది.

మూడున్నరకి మళ్ళీ షెడ్డులో ఉంది. గాజులు తీసి, దులపకుండానే డబ్బాలో పెట్టింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో పచ్చదనం పోలేదు. మన్మథరావు చేతులు చూశాడు. దగ్గాడు. గ్లవ్స్ తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

ఐదున్నరకి మూతలు లేచాయి. గది గలగలలాడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే సంచులు తగిలించుకుని వెళ్ళిపోయారు. అమ్ములు అర దగ్గరికి వచ్చేసరికి ఆమె డబ్బా అక్కడ లేదు. కిటికీ కింద బెంచీ మీద బేబి కూర్చుని ఉంది. డబ్బా ఆమె ఒళ్ళో ఉంది. రెండు చేతులూ మూత మీద ఉన్నాయి.

"కూకో అమ్ములూ."

అమ్ములు కూర్చుంది.

"బైరాగి పోనాడు. నిన్న పొద్దు. బోటు దిగి పడుకున్నాడంట. పడుకున్నోడు పడుకున్నట్టే. అక్కడే కాల్చీసినారు. మీ అత్తకి కూడా కబురెల్లింది. నీకు సెప్పమని వాసుగాడు నాకు ఫోన్ సేసినాడు." ఒక్కొక్క ముక్క విడివిడిగా చెప్పింది, పొట్టు తీస్తున్నట్టు.

కిటికీలోంచి సాయంకాలపు ఎండ అమ్ములు పాదాల మీద పడుతోంది. బొటనవేలూ నడిమివేలూ వాటంతటవే కలిసి ఒక సున్నా అయ్యాయి. దాన్ని చూసుకుంటూ కూర్చుంది.

"పొద్దున్న పదింటి ఫోన్ అదేనా?" అంది చివరికి.

"ఆఁ."

"మరి ఢిల్లీ గుంట పెళ్ళిపసుపు? నాను మొదటి రోకలేసినాను అప్పా."

"నువ్వేసినపుడు నీకు తెల్దు. తెలీనోళ్ళకి తప్పు నేదు. తెల్సినదాన్ని నాను. ఏదైనా పాపముంటే నా వాటాలో ఎయ్యమను." బేబి మూత మీద చేయి కదపలేదు. "నాకు కబురొచ్చినపుడు కంచం ముందున్నాను. సేతిలో ముద్ద దించీమన్నారు. ఆ ముద్ద ఇప్పటికీ..." మణికట్టు మీద తెల్లగీతని బొటనవేలితో రుద్దుకుంది. "ఒక్క పూట ఆగితే ఆకాశమేమీ ఊడి పడదు. పడలేదు గదా."

పొద్దున్నంతా మేకు గురించి చెప్పిన గొంతు అదే. అమ్ములు ఆమె వైపు చూసింది.

"బస్సెన్ని గంటలకి?"

"ఆరుంబావుకి టెక్కలి బండుంది. అక్కడ నుంచి ఆటో దొరుకుతాది. మీ అత్త కాసుకుని ఉంటాది. పదోరోజు ఒడ్డుకి తీసుకెల్తారు." తర్వాత జరిగేది బేబి చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు. రాయి మీద చేతులు పెట్టిస్తారు. ఇంకో రాయితో కొడతారు.

బేబి డబ్బా అందించింది. అమ్ములు మూత తీసింది. పసుపు వాసన వచ్చింది. గాజుల మీద పచ్చటి పొడి సన్నగా, ఊదితే ఎగిరిపోయేలా ఉంది. ఒక గాజు చేతిలోకి తీసుకుంది, వేళ్ళు దగ్గరికి చేర్చింది. అలాగే ఆగింది. తర్వాత దాన్ని మిగతా వాటితో కలిపి పెట్టి, మూత వేసింది. చెవి ఆనించి విన్నట్టు నెమ్మదిగా నొక్కింది.

"ఇవి ఇక్కడే ఉంటాయి అప్పా. డ్యూటీలో ఉన్నదాన్ని ఉన్నట్టే వచ్చీసినానని సెప్తాను."

బేబి డబ్బా వైపు చూసింది. "ఉత్తి సేతుల్తో ఎల్తావా? మరి అక్కడ అడిగితే?"

అమ్ములు మణికట్టు మీది దారం చూపించింది. కొత్తగా ముంచినట్టు పచ్చగా ఉంది. "ఇదున్నాది గదా. ఆల్లకీ ఏదో ఒకటి తెంపడానికుండాల. ఇదైతే గుచ్చుకోదు."

బేబి మొహం తిప్పుకుంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఎల్లు ఎల్లు. బండెల్లిపోతాది. దారిలో ఏదైనా తిను. అక్కడికెల్తే తిననియ్యరు" అని కసిరింది.

బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు ఆమెని చూసి, ఏమీ అడక్కుండా, తన సీటు మీది సంచి తీసేశాడు. కొబ్బరితోటలు, జీడితోటలు, వాటి సందుల్లో ఆరిపోతున్న ఎరుపు. ఇంజను హోరులో ఆమె కళ్ళు మూసుకుంది. ఒళ్ళో బేబి కొనిచ్చిన బన్ను ఉంది. సగం తింది. మిగతా సగం కాగితంలో చుట్టి దాచుకుంది. కళ్ళనుంచి నీళ్ళు వస్తున్నాయని కాసేపటికి గాని తెలియలేదు. అవి ఎవరికోసమో ఆమె వెతకలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె చోట ఇంకొకామె కూర్చుంది. కొత్తమనిషి. గాజులు తీసి, డబ్బా పెట్టడానికి అరలో చోటు కోసం చూసింది. "అది కాదే, పైన పెట్టుకో. అది మనిషున్న చోటు" అని బల్ల దగ్గర నుంచే బేబి గొంతు అరిచింది. మన్మథరావు ఆ డబ్బా వైపు చూశాడు. అతనికి దగ్గు వచ్చింది.

పదోరోజు ఒడ్డున ఏం జరిగిందో షెడ్డులో ఎవరికీ తెలియదు. ఆ రోజు కూడా పైరేకులోంచి ఎండ దిగి, నెమ్మదిగా జరుగుతూ, మధ్యాహ్నం ఒంటిగంటకి అర దాకా వచ్చింది. పాలపొడి డబ్బాకీ మందుల డబ్బాకీ మధ్య, మూత మీద బిస్కెట్ల బొమ్మ వెలిసిపోయిన ఆ డబ్బా మీద కాసేపు నిలిచింది. లోపల చీకట్లో, దంచిన పసుపు ఒంటి నిండా పూసుకుని, ఆకుపచ్చ గాజులు పన్నెండూ పన్నెండుగానే ఉన్నాయి.